ఉదయం లేని ఆల్బమ్

ఆ మంగళవారం నేను చేయాల్సిన పనులు ఇవి:

సునంద పెళ్ళి ఆల్బమ్‌లో మిగిలిన పేజీలు సర్దాలి.
ఆషాఢం వెళ్ళేలోగా దాన్ని ప్రింటింగుకు పంపాలి.
తిరుపాలమ్మను కూర్చోబెట్టి, అడగడానికి నోరు రానివి కూడా అడగాలి.
కల్యాణ మండపంలో వంటసరుకులు పెట్టే ఉగ్రాణం గది చూడాలి.
తిప్పేష్‌తో గొంతు పెంచకుండా మాట్లాడాలి.
నాయన కంట్లో చుక్కలు వేయాలి.
సాయంత్రం అనంతపురం బస్సు కదిలేలోగా, పోయిన మెమరీ కార్డు ఎవరి దగ్గరుందో తేల్చాలి.

చుక్కల పని పొద్దున్నే అయిపోయింది. మిగిలినవన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి.

పామిడిలో నా అంగడి బోర్డు మీద 'గౌతమి డిజిటల్స్, పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేయబడును' అని ఉంటుంది. డిటెక్టివ్ అని ఎక్కడా లేదు. అయినా ఊళ్లో నన్ను డిటెక్టివ్ గౌతమి అనే అంటారు. ఒక పెళ్ళిలో మాయమైన వెండి చెంబు, ఇంకో పెళ్ళిలో తారుమారైన పట్టుచీర, రెండూ ఫోటోల్లో వెతికి పట్టినందుకు వచ్చిన పేరది. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనే మొదటిదాన్ని. కాబట్టి వీధిలో ఎవరికి ఏ కాగితం అర్థం కాకపోయినా, ఏ వస్తువు పోయినా, నా గడపకే వస్తారు. కాదనడం నాకు చేతకాదు.

సునందది మా వీధే. పసిపిల్లగా ఉన్నప్పుడే తల్లి పోతే, మేనత్త తిరుపాలమ్మ పెంచింది. తిరుపాలమ్మకు భర్త లేడు. సునంద తండ్రి, తన తమ్ముడు నరసింహులు ఇంట్లోనే ఉండి, అతని కుట్టుమిషన్ పక్కనే గుండీలు కుడుతూ, ఆ పిల్లను పెద్ద చేసింది. సునంద పెళ్ళి సోమందేపల్లె అబ్బాయి దివాకర్‌తో పామిడిలోనే జరిగింది. ఆషాఢానికి పుట్టింటికి వచ్చింది. శ్రావణంలో అత్తగారి వాళ్ళు తీసుకుపోవడానికి వచ్చేసరికి ఆల్బమ్ సిద్ధంగా ఉండాలి.

కానీ ఆ ఆల్బమ్‌కు ఉదయం లేదు. ఫోటోలు తీసిన తిప్పేష్, తాళి కట్టే సమయంలో కార్డు నిండిపోతుందేమోనని కాస్త ముందే దాన్ని మార్చి కొత్తది వేశాడు. ఫోటోగ్రాఫర్లందరూ చేసే పనే. ఆ తీసిన కార్డు పోయింది. మంగళస్నానం, పూలజడ, గౌరీపూజ, తాళిని పళ్లెంలో పెట్టి పెద్దలందరి దగ్గరికీ తిప్పడం, అన్నీ అందులోనే. తిప్పేష్ బజారంతా ఒకే మాట చెప్పాడు. తన బ్యాగు దగ్గరికి వచ్చింది తిరుపాలమ్మ ఒక్కతేనట. సాయంత్రానికి కార్డు రాకపోతే స్టేషన్‌కు పోతాడట. ఆ మాట విన్నాక తిరుపాలమ్మ సంచి సర్దుకుంది. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో దారాలు కత్తిరించే పని ఉందట, సాయంత్రం అనంతపురం బస్సెక్కి అటునుంచి పోతుందట. ఒకసారి వెళ్తే తిరిగి రాదని మా అందరికీ తెలుసు.

నేను వెళ్ళేసరికి ఆమె చీరలు మడిచి సంచిలో పెడుతోంది. పైన, ఎక్కడికి పోయినా వెంట ఉంచుకునే విభూతి డబ్బా పెట్టింది. సునందకు జ్వరమొచ్చినా, పరీక్షలొచ్చినా ఆ డబ్బాలోంచి మూడు వేళ్ళతో నుదుటి మీద గీసి పంపేది.

"పెద్దమ్మా, తాళి పళ్లెం తిప్పుతాండేటప్పుడు నువ్వు యాడుండావు?"

"ఉగ్రాణంలో."

"ఏం చేస్తాంటివి?"

"బెల్లం కొడ్తాంటి. పాయసానికి చాలదన్నారు."

"బయటికి రాలేదా?"

"నాకేం పని బయట?"

"తాళి కట్టేది కూడా చూడలేదా? నువ్వు పెంచిన పిల్ల గదా."

"మేళం ఇనపడింది. చాల్లే."

ఆమె సంచి మూతి బిగించి ముడి వేసింది. కుడిచేతి నడిమి వేలు చివర లేదు. వేరుశనగ మిల్లులో చెనిక్కాయలు ఒలిచే మిషన్‌లో పోయింది. ఆ పొట్టి వేలితోనే పామిడిలో అందరికంటే గట్టి ముడి వేస్తుంది.

"కార్డు నువ్వు తీసినావా?"

"తీయలేదని ఒకసారి చెప్పినా. ఇంకోసారి చెప్పను."

"ఎవరు తీసినారో తెలుసునా?"

ముడి దగ్గర చెయ్యి ఆగింది.

"నువ్వు డిగ్రీ చదివినావు గదా పాపా. మనుషుల్ని గుచ్చి గుచ్చి అడగగూడదని ఆడ చెప్పలేదా?"

తెలియదు అని ఆమె అనలేదు. తిరుపాలమ్మ అబద్ధం చెప్పదు. చెప్పాల్సి వస్తే మాట మారుస్తుంది. అంటే ఆమెకు తెలుసు.

వాకిట్లో సునంద నా చెయ్యి పట్టుకుంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

"అక్కా, నాకు ఉదయమంతా లేకపోయినా ఫరవాలేదు. ఆ కార్డులో ఒక్క ఫోటో ఉండాది. ఉంటే."

"ఏ ఫోటో?"

"ఉందో లేదో తెల్దు. లేకపోతే చెప్పుకోని ఏం లాభం?"

ఇంటి లోపల ఒకరు తెలిసీ చెప్పరు. వాకిట్లో ఇంకొకరు తెలియక చెప్పరు. నేను మండపం దారి పట్టాను.

తిప్పేష్‌ను అక్కడికి నేనే రమ్మన్నాను. రాయదుర్గం మనిషి. ఫోటో బాగా తీస్తాడు, అందులో తప్పు పట్టడానికి లేదు. ఆల్బమ్ దగ్గరే మా ఇద్దరికీ పడదు. అతని ఆల్బమ్‌లో పెళ్ళికి వచ్చిన జనం ఉండరు. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, వెనకాల మంచు కొండలు ఉంటాయి. సునంద తన ఆల్బమ్ నాకు ఇచ్చిందని అతనికి అప్పటికే కోపం.

"రాండి డిటెక్టివ్ మేడం," అన్నాడు. "దొంగను మీరే పట్టుకొస్తారనుకుంటి. వట్టి చేతుల్తో వచ్చినారే."

"నీ బ్యాగు ఎక్కడ పెట్టినావో చూపించన్నా."

"పెళ్ళికూతురి గదిలో. నువ్వు పోలీసువా, ఆల్బమ్ అంటించేదానివా?"

"అంటించేదాన్నే. అంటించాలంటే వరస తెలియాల. వరస తెలుసుకుందామని అడుగుతాండా."

"వరసంట. జనం లొడలొడ మాట్లాడుకునేవి, ఆకులు ఎత్తేవి, అవన్నీ ఎవరు చూస్తారమ్మా? నా ఆల్బమ్ చూస్తే కండ్లు చల్లబడాల. మంచు కొండలు పెడ్తాం."

"పామిడిలో మంచు యాడుండాదన్నా?"

"పెన్నలో నీళ్లు యాడుండాయి? అయినా నది అనే గదా అంటాండాం."

ఆ మాటకు నవ్వు ఆపుకోలేకపోయాను. అతనూ నవ్వాడు. ఆ వెంటనే నవ్వినందుకు తన మీద తనకే కోపం వచ్చినట్టు మొహం ముడుచుకున్నాడు.

పెళ్ళికూతురి గదికి ఒకటే తలుపు. అది వేదిక మీదికి తెరుచుకుంటుంది. ఉగ్రాణం మండపానికి ఆ చివర, భోజనాల హాలు అవతల ఉంది. ఉగ్రాణం నుంచి గదికి రావాలంటే జనం మధ్యలోంచి నడిచి, వేదిక ఎక్కి, పెళ్ళికొడుకు ముందునుంచే పోవాలి.

"అన్నా, తిరుపాలమ్మ నీ బ్యాగు దగ్గరికి వచ్చింది అంటాండావే, ఎప్పుడు?"

"కాఫీ ఇచ్చినప్పుడు. బ్యాగు భుజానే ఉండె."

"కాఫీ యాడ తాగినావు?"

"ఆ ఉగ్రాణం తలుపు దగ్గర."

పెళ్ళికొడుకు వాళ్ళు అనంతపురం నుంచి జయరాజు అనే ఇంకో ఫోటోగ్రాఫర్‌ను విడిగా పెట్టుకున్నారు. అతని ఫోటోలన్నీ నా దగ్గర ఉన్నాయి. ఫోనులో ఒకటి తీసి చూపించాను. తాళి పళ్లెం ఇంకా ముందు వరసలోనే ఉంది. ఫోటో అంచున, వెనకాల దూరంగా, తిప్పేష్ ఒక చేత్తో గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మెడలో కెమెరా.

"కాఫీ తాగేటప్పుడు పళ్లెం ఈడుండాది," అన్నాను. "పళ్లెం తిరుగుతాండేది నువ్వు ఆ కార్డులోనే తీసినావు గదా?"

"అవును."

"అంటే కాఫీ తాగేటప్పుడు కార్డు బ్యాగులో లేదు. కెమెరాలో ఉండాది. నీ మెడలో. పళ్లెం తిరిగొచ్చినాక పెళ్ళికూతురి గదిలో కార్డు మార్చినావు. ఆ గదికి తిరుపాలమ్మ వచ్చి ఉంటే మండపమంతా చూసి ఉంటుంది. చూసినామని ఒక్కరినన్నా చెప్పమను."

తిప్పేష్ ఫోను నా చేతిలోంచి తీసుకుని చూశాడు.

"మరి ఎవరు తీసినట్టు? నేనే మింగినానా?" గొంతు పెరిగింది. "మొగుడు లేని ఆడమనిషి, పెళ్ళిలో మొహం చాటేసి తిరుగుతాంటే ఎవరికైనా అనుమానం రాదా?"

"ఎందుకు చాటేసిందో నీకు తెల్దా అన్నా? మీ ఊళ్లో ముండమోసినామె తాళి పళ్లెం ముట్టుకుంటాదా?"

నా గొంతు కూడా పెరిగింది. ఆ పని ఒకటి తప్పింది.

"సాయంత్రం వరకే," అని బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు.

ఒక్కదాన్నే ఉగ్రాణంలోకి వెళ్ళాను. బెల్లం కొట్టే రాయి తలుపు వెనకే ఉంది. తలుపు రెక్క సగమే తెరుచుకుంటుంది, వెనకాల గంగాళం అడ్డం. లోపల నిలబడిన మనిషి బయటికి కనపడదు. చెయ్యి చాపితే మాత్రం చెయ్యి బయటికి వస్తుంది. నేను చాపి చూశాను.

అంగడికి తిరిగొచ్చి, కార్డును పక్కన పెట్టి, ఆల్బమ్ పని మొదలుపెట్టాను. తలకు ఏమీ తట్టనప్పుడు చేతికి పని చెప్పడం నాకు అలవాటు. ఉన్నంతలో వరస పేర్చాలి. జయరాజు ఉదయం ఆలస్యంగా వచ్చాడు, కాబట్టి అతని దగ్గర పళ్లెం ఫోటోలు రెండే మంచివి ఉన్నాయి. పళ్లెం వేదిక మీంచి బయలుదేరేది ఒకటి, తిరిగి వచ్చేది ఒకటి. ఎదురెదురు పేజీల్లో పెడితే బాగుంటుందని రెండూ పక్కపక్కన తెరిచాను.

వెళ్ళేటప్పుడు పళ్లెం పక్కింటి ముత్తైదువ చేతిలో ఉంది. తాళి పెట్టిన కొబ్బరికాయకు పసుపు, కుంకుమ బొట్టు.

వచ్చేటప్పుడు పళ్లెం పెళ్ళికొడుకు తల్లి నాగలక్ష్మమ్మ చేతిలో ఉంది. కొబ్బరికాయ పసుపు మీద కొత్తగా మూడు తెల్లటి గీతలు. విభూతి. పెద్ద చేసి చూశాను. పైగీత పొడుగు. కిందిగీత పొడుగు. నడిమి గీత పొట్టి.

నేను లేచి నీళ్ళు తాగి వచ్చి మళ్ళీ చూశాను. నడిమి గీత పొట్టిగానే ఉంది.

తాళి పళ్లెం ఉగ్రాణం దాకా వెళ్ళింది. తీసుకెళ్ళింది వియ్యపురాలు. ఎవరికి తెలిస్తే కొంప మునుగుతుందని నరసింహులు ఇంట్లో అందరూ భయపడతారో, ఆమే.

తరువాతి పేజీ ఒడిబియ్యం. అప్పగింతలప్పుడు పెళ్ళికూతురి కొంగులో ముత్తైదువలు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి పోసి ముడి వేస్తారు. ఆ పేజీకి ఒకే రకం ఫోటోలు ఐదు కావాలి. ఐదుగురూ రెండు చేతులు దోసిలి పట్టి పోస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. నలుగురివి దొరికాయి. ఐదో ఫోటో ఎంత వెతికినా కుదరలేదు. నాగలక్ష్మమ్మ ఒక్కతే దోసిలి పట్టలేదు. ప్రతి ఫోటోలోనూ ఎడమచేత్తో పోస్తూ, కుడిచెయ్యి గుప్పిలి మూసి ఉంది. చివరి ఫోటోలో ఆ గుప్పిలి బియ్యంలో మునిగి ఉంది.

సోమందేపల్లెకు ఫోన్ చేశాను.

"అమ్మా, నేను పామిడి నుంచి ఆల్బమ్ గౌతమిని. సునంద ఒడిబియ్యం వండుకున్నారా?"

"లేదు పాపా. శ్రావణంలో కోడలు తిరిగొచ్చినాక ఆమె చేత్తోనే వండిస్తామని ముడి విప్పకుండా దేవుని గూట్లో పెట్టినా." కొంచెం ఆగి, "ఎందుకడుగుతాండావు?" అంది.

"తిరుపాలమ్మను కార్డు దొంగ అంటాండారమ్మా. సాయంత్రం బస్సుకు ఊరు విడిచి పోతాంది."

అవతల ఎక్కడో కుక్కర్ కూత వినిపించింది.

"ఎవరన్నారు ఆ మాట?" అంది. నేను చెప్పేలోగా, "ఎవరన్నా కానీలే. ఆమెను బస్సెక్కనీకు. నేను బయల్దేరుతాండా," అని పెట్టేసింది.

సాయంత్రం బస్టాండులో తిరుపాలమ్మ తన సంచి మీదే కూర్చుని ఉంది. నరసింహులు పక్కన నిలబడి చొక్కా గుండీ తిప్పుకుంటున్నాడు. సునంద మేనత్త కొంగు వదలడం లేదు. ఎదురుగా బండి మీద తిప్పేష్. అనంతపురం పోయే బస్సు డ్రైవరు టీ తాగుతున్నాడు. ఆ గ్లాసు ఖాళీ కాకూడదని నేను మొక్కుకున్నాను.

అనంతపురం నుంచి వచ్చిన బస్సు ఆగింది. నాగలక్ష్మమ్మ దిగింది. చంకలో ఎర్ర గుడ్డ మూట. ఎవరినీ పలకరించకుండా నేరుగా వచ్చి నిలబడింది.

"లే వదినా."

"నువ్వెందుకొచ్చినావు? మాట ఇచ్చినావు గదా," అంది తిరుపాలమ్మ.

"ఇచ్చినా. నిన్ను దొంగంటారని తెలిసి ఇయ్యలేదు."

నా అంగడి రోడ్డు అవతలే. అందరం అక్కడికి వచ్చాం. నాగలక్ష్మమ్మ బల్ల మీద మూట పెట్టి ముడి మీద చెయ్యి వేసింది.

"వదినా," అన్నాడు నరసింహులు మెల్లగా, "ఆషాఢంలో ఒడిబియ్యం ముడి విప్పగూడదేమో."

"మీ అక్కను దొంగ అంటాంటే నువ్వు ఏ మాసమని చూసి ఊరుకున్నావు అన్నా?"

ముడి విడింది. పసుపు బియ్యం, ఎండుకొబ్బరి గిన్నెలు, వక్కలు. ఆమె మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికి, ఒక చిన్న బిళ్ల తీసింది. నీలిరంగు కార్డు, అంతా పసుపు.

"ఇదేనా నీ సొమ్ము?" అంది తిప్పేష్‌తో. "కెమెరాలోంచి తీసి బ్యాగు పై అరలో పెడ్తాంటివి, నేను చూస్తాంటి. ఆ గదిలో ఒడిబియ్యం కలిపేదానికి నేనే ఉండా. తీసినా. ఇంట్లో దేవుని గూట్లో ఉంటే ఎవరూ ముట్టరని బియ్యంలో పెట్టినా."

"ఎందుకమ్మా?" తిప్పేష్ గొంతులో కోపం లేదు.

"ఆమె కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. నా చెయ్యి తగిలిన సంగతి ఫోటోలో పడింది వదినా, రేపు పిల్లకు తల నొచ్చినా నావల్లనే అంటారు, అది ఎవరికీ కనపడగూడదు అని. మా బావగారింటి ఆడోళ్ల నోళ్లు నాకు తెల్దా? ఆమె చెప్పింది నిజమే, అట్లనే అంటారు. అందుకే సరే అన్నా."

కార్డు కంప్యూటర్‌లో పెట్టాను. తెరుచుకోలేదు. తీసి, నా కళ్ళజోడు గుడ్డతో పసుపు తుడిచి, మళ్ళీ పెట్టాను. తెర అలాగే ఉండిపోయింది. సునంద నా భుజం మీద చెయ్యి బిగించింది.

అప్పుడు ఉదయం వచ్చింది. నలుగు పెట్టిన సునంద, పూలజడ అల్లుతున్న చేతులు, గౌరీపూజ దీపం, ఒకటి తరువాత ఒకటి. తరువాత పళ్లెం. ముందు వరస, నడిమి వరస, చివర ఉగ్రాణం తలుపు.

సగం తెరుచుకున్న తలుపు. నాగలక్ష్మమ్మ పళ్లెం బాగా కిందికి వంచి పట్టుకుంది. ఇంకో చేత్తో, తలుపు చాటు నుంచి ఒక చేతిని మణికట్టు పట్టి బయటికి లాగుతోంది. ఆ చెయ్యి కొబ్బరికాయ మీద ఉంది. మూడు వేళ్ళు, నడిమిది పొట్టి. మొహం లేదు.

"అత్తమ్మా," అంది సునంద నాగలక్ష్మమ్మ వైపు తిరిగి. "నువ్వు చేసినావా?"

"పెళ్ళికి ముందురోజు ఫోన్ చేసి అడిగినావు గదే. మా తిరుపాలత్త చెయ్యి పడని తాళి నాకొద్దంటివి."

"చేయలేదనుకున్నా. నువ్వు ఏమీ చెప్పలేదు. ఇన్ని దినాలూ నీ మీద మనసులో..."

"ఒక మాట అడగొచ్చు గదా పిచ్చిదానా. ఆమెకేమో చెప్పనని మాట ఇస్తి."

తిరుపాలమ్మ సునంద వంక తిరిగింది. ఆ పళ్లెం పిల్ల అడిగితే వచ్చిందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. కొంగుతో ఒకసారి మొహం తుడుచుకుని, ఆ చేత్తోనే సునంద జడ సరిచేసింది.

తిప్పేష్ తెరకు దగ్గరగా వంగాడు.

"ఈ ఫోటో నేనే తీసినానా?"

"నువ్వే అన్నా."

"వంటామె చెయ్యి అనుకోని నొక్కినా." వెనక్కి తిరిగాడు. "తప్పు మాట అన్నా పెద్దమ్మా."

"ఆ పొద్దు నేనిచ్చిన కాఫీ ఎట్లుండె?" అంది తిరుపాలమ్మ.

"బాగుండె."

"దొంగ చేతి కాఫీ అంత బాగుంటాదా?"

అందరికంటే ముందు నవ్వింది నాగలక్ష్మమ్మ. రోడ్డు అవతల బస్సు హారన్ కొట్టి కదిలింది. తిరుపాలమ్మ దాని వంక చూసింది కానీ లేవలేదు.

అయితే అసలు చిక్కు అప్పుడే మొదలైంది. శ్రావణంలో సోమందేపల్లెలో ఆల్బమ్ తెరిచేది ఆ బావగారింటి ఆడవాళ్ళ ముందే. ఆ వేలు ఒకసారి చూసినవాళ్ళెవరూ మరిచిపోరు. ఈ పేజీ ఉంచాలా, తీసేయాలా అని నేను నాగలక్ష్మమ్మను అడిగాను.

"పెట్టు. రెండు పేజీలకూ పరిచి పెద్దగా పెట్టు," అంది. "ఎవరన్నా నోరు తెరిస్తే పళ్లెం పట్టుకున్నది నేనని చెప్తా. నన్ను దాటి పిల్ల దాకా రమ్మను."

"ఫోటో మూలకు మంచు కొండ ఒకటి..." అన్నాడు తిప్పేష్. మేమందరం చూసేసరికి, "వద్దులే," అన్నాడు.

తిరుపాలమ్మ ఒక షరతు పెట్టింది. "నా పేరు రాయొద్దు పాపా. పేరు రాస్తే రేపు పొద్దున బస్సుకు పోతా."

అందుకని ఆ పేజీలో పేరు లేదు. ఆల్బమ్‌లో మిగతా అందరి పేర్లూ ఉన్నాయి, మేళగాళ్ళవి కూడా. మీరెప్పుడైనా సోమందేపల్లెలో ఆ ఇంటికి పోతే, కాఫీ ఇచ్చి ఆల్బమ్ మీ ఒళ్లో పెడతారు. ఉదయం దాటాక, తాళికి ముందు, సగం తెరిచిన తలుపులోంచి ఒక చెయ్యి వస్తుంది. అక్కడ తొందరగా పేజీ తిప్పకండి. ఎవరిదని గట్టిగా అడగకండి. తిరుపాలమ్మది అని గుర్తు పెట్టుకోండి, చాలు.